వేలు పట్టే సందు

మా పాత కూలీల వాట్సాప్ గ్రూపులో మేస్త్రి ఫోటో వచ్చింది. దండ వేసిన ఫోటో. దాని కింద అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. నేనూ ఒకటి పెట్టాను. ఆయన గురించి ఎవరైనా ఒక్క మాట రాస్తారేమోనని సాయంత్రం దాకా ఫోను తీసి చూస్తూనే ఉన్నాను. ఎవరూ రాయలేదు.

నేను నాలుగో తరగతిలో బడి మానేసినదాన్ని. ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. కానీ ఆయన సంగతి ఒకటి నాకు తెలుసు. ఒక పొద్దున ఆయన ప్రాణం నా నోట్లో ఉంది. నేను నోరు తెరిస్తే ఉంటుంది, తెరవకపోతే పోతుంది. నేను వెంటనే తెరవలేదు. అది చెప్పకుండా చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకుంటే నాకు నిద్ర పట్టదు.

ఆయన పేరు రాయను. పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడనే లేదు. ఆఫీసువాళ్లు మేస్త్రి అనేవాళ్లు. నేను కాకా అనేదాన్ని.

గోదావరిఖనిలో మా వాడలో అందరూ బొగ్గు బాయిలో, అంటే గనిలో, పనిచేసే మనుషులే. మేము మాత్రం బాయిలోకి దిగలేదు. బాయి నుంచి వచ్చిన బొగ్గు ఎక్కడ కాలుతుందో అక్కడ మా పని. మేస్త్రి కట్టేది ఇళ్లు కాదు, బాయిలర్ కడుపులో గోడలు. బాయిలర్‌కు బయట ఇనుప రేకు ఉంటుంది, లోపల మంట. ఆ మంట రేకుకు తగలకుండా నడుమ ఫైర్ ఇటుకల గోడ. గోడ బాగుంటే బయట రేకు మీద చెయ్యి ఆనించి తీయొచ్చు. లోపల ఎక్కడైనా ఇటుక కదిలిందంటే అక్కడ రేకు కాలడం మొదలవుతుంది. ముందు రంగు పొంగుతుంది. తర్వాత నల్లబడుతుంది. ఆ తర్వాత ఎర్రబడుతుంది. ఎర్రబడ్డాక మనిషి చేయగలిగింది పెద్దగా ఉండదు.

ఆయన బాయిలర్ దగ్గరికి వెళ్లడం జ్వరం వచ్చిన పిల్ల దగ్గరికి వెళ్లినట్టు ఉండేది. అరచెయ్యి ఎప్పుడూ పెట్టడు. చెయ్యి తిప్పి, వెనక వైపు, రేకుకు జానెడు దూరంలో ఆపుతాడు. అలా మూల నుంచి మూలకు నడుస్తాడు. ఒకచోట ఆగాడంటే మా అందరి గుండెలు ఆగేవి.

మొదట్లో నేను తెలియక అరచెయ్యి పెట్టబోతే నా మణికట్టు పట్టుకుని లాగాడు.

"అరచెయ్యి బువ్వ తినేటిది బిడ్డా. దాన్ని నిప్పుకు చూపియ్యొద్దు."

జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉండేది, బడిలో రాసే తెల్ల సుద్ద. రేకు వేడెక్కిన చోట దాని చుట్టూ ఒక గీత గీసేవాడు. గీసి వెళ్లిపోయి వేరే పని చూసుకునేవాడు. కాసేపటికి తిరిగి వచ్చి చెయ్యి తిప్పి పెట్టి, వేడి గీత లోపలే ఉందా, దాటిందా చూసేవాడు. లోపలే ఉంటే గీత పక్కన ఒక నిలువు గీత. దాటితే ఇంకో గీత పెద్దగా గీసి నోరు మూసుకునేవాడు. అంత మాటకారి మనిషి నోరు మూశాడంటే మాకు భయం.

ఎడమ కనుబొమ్మ లేదు ఆయనకు. ఎప్పుడో మంట నాకేసింది. మాతో ఇటుకలు మోసే లచ్చవ్వకు అదొక ఆట.

"కాకా, ఆ కనుబొమ్మ ఏడ పారేసుకున్నవ్?"

"బాయిలర్ల. దొరికితే తెచ్చియ్యి, అతికిచ్చుకుంట."

చాయ్ వేడిగా తాగడు. గ్లాసు తెచ్చి ఇటుక మీద పెట్టి, మీగడ కట్టి, ఈగ వాలబోయేదాకా ఉంచేవాడు. "పొద్దంతా మంట ముంగటనే ఉంటం. చాయ్ గూడ కాలాల్నా?" అనేవాడు. బీడీ కూడా అంతే. ఎవరైనా ఇవ్వబోతే పొగ గొట్టం వైపు చూపించేవాడు.

ఒకరోజు నేను నైలాన్ చీర కట్టుకుని వచ్చాను. గేటు దగ్గరే ఆపాడు.

"ఇది అంటుకుంటే ఊడిరాదు, ఒంటికే అతుక్కుంటది. ఇంటికి పో."

"ఒక్క రోజు కాకా. ఉతికిన నూలు చీర ఆరలే."

"ఆరకుంటే తడిది కట్టుకొని రా. ఇంక మంచిది."

నిజంగానే పంపేశాడు. తడి చీరతోనే వచ్చాను. లచ్చవ్వ పగలబడి నవ్వింది. ఆయన నవ్వలేదు.

ఇక అసలు సంగతి. అది ఒక చిన్న ప్రైవేటు ఫ్యాక్టరీ. ఇప్పుడు లేదు, మూతపడింది. అప్పుడు బాయిలర్ ఆపి, ఒక పక్క గోడ మొత్తం పీకి కొత్తది కడుతున్నాం. మా ఆడవాళ్ల పని ఇటుకలు అందించడం, వాటిని అతికించే ఫైర్ మట్టి కలపడం. తాపీ మాత్రం ఆడవాళ్ల చేతికి రాదు. ఎక్కడా రాదు. అది రాసిపెట్టిన నియమమేం కాదు, అలవాటు.

రెండో మేస్త్రి కాసిపేటలో పెళ్లికి వెళ్లి తిరిగి రాలేదు. పని వెనకబడింది. మేస్త్రి చుట్టూ చూసి తాపీ నా ముందు పెట్టాడు.

"నీ చేతిల మట్టి ఉండలు కట్టది. వెనక మూల నువ్వు చెయ్యి."

బాయిలర్ చూసుకునే ఇంజనీరు సారు తల లోపలికి పెట్టి చూశాడు. ఆయన కుర్రవాడు, హెల్మెట్ ఎప్పుడూ కొత్తగా ఉండేది.

"ఆడమనిషితోనా మేస్త్రీ?"

"పెట్టింది ఎవరో ఇటుకకు తెలుస్తదా సార్?"

సారు తల బయటికి తీసుకున్నాడు. మొదటి ఇటుక వంకరగా పెట్టి, తీసి మళ్లీ పెట్టాను. రెండు వరసలు పెట్టేసరికి చెయ్యి కుదిరింది. మధ్యాహ్నం అయ్యేసరికి నేను ఇంకెప్పుడూ తట్ట మొయ్యనని లోపల లోపల అనుకుంటున్నాను.

ఫైర్ ఇటుకల గోడలో మూలల దగ్గర ఒక నిలువు సందు వదులుతారు. వేలు పట్టేంత సందు. ఎందుకో ఆయన ముందే చెప్పాడు.

"మంట తగిలితే ఇటుక ఉబ్బుతది. ఉబ్బితే జరుగుటానికి జాగ గావాలె. జాగ లేకుంటే ఒకదాన్నొకటి నూక్కుంటయి, గోడ వంగుతది. ఈ సందుల మట్టి పెట్టొద్దు. తెల్ల ఉన్ని పెట్టు."

తెల్ల ఉన్ని అంటే దుప్పటిలా చుట్టలుగా వస్తుంది, మంటకు కాలదు, నొక్కితే అణుగుతుంది. నేను కింద నుంచి పెట్టుకుంటూ వచ్చాను. నడుము ఎత్తుకు వచ్చేసరికి ఉన్ని అయిపోయింది. మేస్త్రిని ఎవరో ఆఫీసుకు పిలిచారు. స్టోరు తాళం వేసి ఉంది, తిండి వేళ.

ఆగి ఉండాల్సింది. కానీ ఆ సందు నా కళ్ల ముందు నల్లగా నోరు తెరుచుకుని ఉంది. మా ఇంట్లో గోడకు పగులు కనిపిస్తే మట్టీ పేడా కలిపి మూసేదాకా నాకు ముద్ద దిగదు. పగులు వదిలేస్తే తేళ్లు దూరతాయి, చూసినవాళ్లు ఇదేం ఇల్లాలు అంటారు. చేతిలో తాపీ ఉంది. పక్కనే నేను కలిపిన మట్టి, గట్టిపడుతోంది, పారేయాల్సి వస్తుంది. నడుము పైనుంచి కొస దాకా మట్టి కూరాను. తడి గుడ్డతో తుడిచాను. ఎంత నున్నగా వచ్చిందంటే నేనే రెండుసార్లు చూసుకున్నాను.

ఆయన తిరిగి వచ్చాడు. మనిషి దూరే రంధ్రం దగ్గర నుంచే టార్చి వేసి చూశాడు. రోజూ అయితే లోపలికి వచ్చి సందులన్నీ వేలితో తడిమేవాడు. ఆరోజు సారు వెనక నిలబడి మూసెయ్యమని తొందర పెడుతున్నాడు.

"అద్దం లెక్క చేసినవ్ బిడ్డా. సందుల ఉన్ని పెట్టినవా?"

"పెట్టిన కాకా."

సగం పెట్టాను కదా. సగం నిజం నోట్లోంచి తేలిగ్గా వచ్చేసింది. పైన మట్టి పెట్టానని చెబితే పీకి మళ్లీ చెయ్యాలి. సారు వింటున్నాడు. తాపీ మళ్లీ నా చేతికి రాదు. అందుకని చెప్పలేదు. మట్టి అయినా ఉన్ని అయినా సందు మూసుకుంది కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

కొత్త గోడకు ఒకేసారి మంట పెట్టకూడదు. అది తాగిన నీళ్లన్నీ మెల్లగా ఆవిరై బయటికి రావాలి, లేకపోతే లోపలే పేలుతుంది. అందుకని ముందు కట్టెలతో చిన్న మంట, తర్వాత కొద్దికొద్దిగా బొగ్గు. రేకుకు అక్కడక్కడ చిన్న రంధ్రాలు ఉంటాయి. మేస్త్రి తన టిఫిన్ డబ్బా మూతను ఆ రంధ్రం ముందు పట్టి చూసేవాడు. మూత మీద చెమ్మ పడితే గోడ ఇంకా పచ్చిగా ఉన్నట్టు. రెండు రోజులు అక్కడి నుంచి కదలలేదు.

"ఇంకెంతసేపు మేస్త్రీ? పైనుంచి ఫోన్లు వస్తున్నాయి" అన్నాడు సారు.

ఆయన మూత చూపించాడు. "ఇంక ఏడుస్తున్నది సార్. ఏడుపు ఆగనియ్యుండ్రి."

నేను ఆ రెండు రోజులూ ఆ గోడను మరచిపోలేదు. కానీ భయంతో కాదు. నా గోడ అని గర్వంతో. అది రాయడానికి సిగ్గుగా ఉంది.

పూర్తి మంట పెట్టిన నాలుగో రోజు పొద్దున, చాయ్ తాగే వేళ, బాయిలర్ నడిపే యాకూబ్ భాయ్ కేక వేశాడు.

"మేస్త్రీ! జర ఇధర్ ఆవో. రంగు ఉబ్బింది."

మేస్త్రి గ్లాసు ఇటుక మీద వదిలేసి లేచాడు. వెనక మూల. తల ఎత్తుకు పైన రేకు మీద పళ్లెం అంత మేర రంగు బుడగలు బుడగలుగా లేచింది. పక్కనే ఇనుప మెట్లు. యాకూబ్ భాయ్ నీటి మట్టం చూసేది ఆ మెట్ల మీద నిలబడే. మేస్త్రి చెయ్యి తిప్పి పెట్టాడు. సుద్ద తీసి గీత గీశాడు. లోపలి మంట ఏమాత్రం పెంచొద్దని యాకూబ్ భాయ్‌కి చెప్పాడు. మళ్లీ చూసేసరికి వేడి గీత దాటింది. ఇంకో గీత గీశాడు. మాట్లాడలేదు.

సారు పరుగున వచ్చాడు. ఇద్దరు మనుషులతో నీళ్ల పైపు తెప్పించాడు. మేస్త్రి పైపు మూతిని రెండు చేతులతో పట్టుకుని నేలకు వంచాడు.

"వద్దు సార్. కాలిన ఇనుము మీద సల్లనీళ్లు పడితే పగులుతది. పగిలితే మంట బయటికే."

"మరి ఏం చేద్దాం? సాయంత్రం దాకా నడవాలి. ఆపితే మళ్లీ మూడు రోజులు. బయటి నుంచి చెయ్యలేవా?"

బయటి నుంచి చేసే పని ఒకటి ఉంది. కాలిన చోట రేకుకు డ్రిల్లుతో రంధ్రం వేసి, చేతి పంపుతో ఫైర్ మట్టిని లోపలికి కొడతారు. అది వెళ్లి ఇటుకల వెనక ఖాళీలో నిండి గట్టిపడుతుంది. మేస్త్రి ఎన్నోసార్లు చేశాడు. కానీ లోపల గోడ నిటారుగా ఉంటేనే. గోడ వంగి ఉంటే పంపు తోసే బలానికి అది కూలుతుంది. కూలితే మంట నేరుగా ఆ రంధ్రంలోంచి, ముందు నిలబడ్డ మనిషి మొహం మీదికి.

ఆయన చిన్న సుత్తితో పక్క రేకు మీద కొట్టి చెవి పెట్టాడు. ఫ్యాన్ల చప్పుడులో తేలలేదు. నా వైపు తిరిగాడు.

"బిడ్డా, ఈ మూల నువ్వే గదా? ఉన్ని పైదాక ఉన్నది గదా?"

అందరూ నన్నే చూస్తున్నారు. సారు, యాకూబ్ భాయ్, పైపు పట్టుకున్న ఇద్దరు. లచ్చవ్వ తట్ట చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. తల ఊపాను. ఆయన ఆ ఊపునే మాటగా తీసుకున్నాడు.

"అయితే ఒక్క ఇటుక సందే విడిచినట్టుంది. చేస్త సార్."

తువ్వాలు నీళ్లలో ముంచి తలకు, చెవులకు చుట్టుకున్నాడు. తోలు చేతితొడుగులు వేసుకున్నాడు. ఇనుప స్టాండు రేకుకు దగ్గరగా జరిపి ఎక్కాడు. డ్రిల్లు అందుకున్నాడు. ఆయన మొహానికీ ఆ సుద్ద గీతకూ జానెడు దూరం లేదు.

డ్రిల్లు మోగింది.

నాకు సందు కనిపించింది. నేను తుడిచిన నున్నటి మట్టి కనిపించింది. దానికి రెండు పక్కలా ఇటుకలు ఉబ్బి, జరగడానికి చోటు లేక, ఒకదాన్నొకటి తోసుకుంటూ లోపలికి వంగడం ఎదురుగా చూస్తున్నట్టే ఉంది. కాకా అని అరిచాను. ఆ మోతకు ఆయనకు వినిపించలేదు. మళ్లీ అరిచాను. పరుగెత్తి గోడకు ఉన్న బోర్డులోంచి డ్రిల్లు వైరు పీకేశాను.

మోత ఆగింది. ఆయన తిరిగి చూశాడు.

"ఏందే? పిచ్చి లేసిందా?"

"ఉన్ని సగమే కాకా. పైన మట్టి నింపిన."

ఫ్యాన్ల మోతలో నా మాట ఆయన ఒక్కడికే వినిపించింది. ఆయన నన్ను తిడతాడని తల వంచుకున్నాను. తిట్టలేదు.

"ఎక్కడి దాక ఉన్ని?"

నా నడుము మీద చెయ్యి పెట్టి చూపించాను. ఆయన నా చెయ్యి చూశాడు, సుద్ద గీత చూశాడు. గీత చాలా పైన ఉంది. డ్రిల్లును చప్పుడు కాకుండా స్టాండు మీద పెట్టాడు. మెల్లగా, రేకును తాకకుండా దిగాడు.

"ఆ మాట సారుకు చెప్పు."

"నువ్వే చెప్పు కాకా. నీ కాల్మొక్త."

"నేను చెప్తే అది నా అనుమానం. నువ్వు చెప్తే జరిగిన ముచ్చట. చెప్పు, జల్ది."

సారు ముందు నిలబడి చెప్పాను. ఉన్ని అయిపోయిందని, మట్టి నింపానని, అడిగితే అబద్ధం ఆడానని. సారు మొహం ఎర్రబడింది.

"అప్పుడే అన్నాను. ఆడమనిషికి తాపీ ఇస్తే ఇట్లాగే ఉంటుంది."

"తర్వాత తిట్టుండ్రి సార్" అన్నాడు మేస్త్రి. "గోడ లోపలికి వంగింది. పంపు కొట్టకున్నా అదే పడ్తది. బాయిలర్ బంద్ చెయ్యాలె."

"పైవాళ్లను అడగాలి."

సారు ఫోను చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. గీత లోపల రంగు నల్లగా మాడింది. గీత కూడా మాసిపోతోంది. యాకూబ్ భాయ్ చెయ్యి స్విచ్చు మీద ఉంది గానీ సారు చెప్పకుండా నొక్కడు. నొక్కితే ఆయన ఉద్యోగం పోతుంది. మేస్త్రి సారు దగ్గరగా వెళ్లి, మాకు కూడా సరిగా వినపడనంత మెల్లగా అన్నాడు.

"సార్, మెట్లు చూడుండ్రి. ఎవలు నిలబడ్తరు అక్కడ?"

సారు మెట్లు చూశాడు. యాకూబ్ భాయ్‌ని చూశాడు. ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"ఆపెయ్యండి."

"యాకూబ్, బొగ్గు బంద్! నీళ్లు మాత్రం ఆపకు. అవతలి వైపుకెల్లి చూసుకో, మెట్లు ఎక్కకు."

తర్వాత మమ్మల్నందరినీ షెడ్డు అవతలికి, బొగ్గు కుప్ప దగ్గరికి తోలాడు. ఒక్కొక్కరినీ వేలు పెట్టి చూపిస్తూ ఉన్నారా లేదా చూసుకున్నాడు. లచ్చవ్వ సగం దూరం వచ్చి ఆగింది.

"అయ్యో, నా టిఫిను మెట్ల కింద ఉన్నది!"

తిరగబోయింది. ఆయన ఆమె జబ్బ పట్టుకున్నాడు. "బువ్వ కోసం పోతవా? ఇయ్యాల నా బువ్వ తిను."

ఆమె చెయ్యి ఆయన ఇంకా వదల్లేదు. లోపల లారీ నుంచి రాళ్లు గుమ్మరించిన చప్పుడైంది. నేల అదిరింది. వెనక మూల రేకు బయటికి ఉబ్బింది. చూస్తుండగానే నల్లది ఎర్రగా పండింది. డ్రిల్లు గుచ్చుకున్న చోట నుంచి నిప్పురవ్వలు చిమ్మాయి. స్టాండు మీద ఉంచిన డ్రిల్లు ప్లాస్టిక్ పిడి మెత్తబడి, కారి, ఇనుప చట్రం మీదుగా బొట్లు బొట్లుగా కింద పడింది.

రేకు పగల్లేదు. బొగ్గు ఆపి ఉండడం వల్ల ఆ ఎరుపు మెల్లగా తగ్గింది. ఆయన మాత్రం కారిన ఆ పిడి వైపు చాలాసేపు చూశాడు. తన తలకు చుట్టిన తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు.

బాయిలర్ చల్లబడడానికి రెండు రోజులు పట్టింది. తలుపులు తెరిచి తొందరగా చల్లార్చుదామంటే ఒప్పుకోలేదు. ఆ రెండు రోజులూ నాతో మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది. నేను తట్టలు మోసుకుంటూ ఆయన కంటపడకుండా తిరిగాను.

"తిడితే ఏడుస్తవ్, తిట్టకుంటే ఏడుస్తవ్. ఏంది పిల్లా నీతోని పరేషాన్?" అంది లచ్చవ్వ.

మూడో రోజు సారు వచ్చి, నన్ను చూపించి, "ఈమెను పంపించెయ్" అన్నాడు.

మేస్త్రి ఇటుక మీద కూర్చుని చల్లారిన చాయ్ చూస్తున్నాడు. తల ఎత్తలేదు.

"పంపుత సార్. కాని రేపు ఇంకొకలు తప్పు చేస్తరు. ఈమెను చూసి నోరు మూసుకుంటరు. అప్పుడు డ్రిల్లు పట్టుకొని నేనే ఉంట."

సారు వెళ్లిపోయాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

లోపలికి దిగాం. నడుము ఎత్తు దాకా నా గోడ నిటారుగా ఉంది. సందులో ఉన్ని నలగలేదు, తెల్లగా ఉంది. ఆ పైన గోడే లేదు. కూలిన ఇటుకలు మోకాలి లోతున పడి ఉన్నాయి. ఒక ఇటుకకు నేను నింపిన మట్టి అట్లాగే అంటుకుని ఉంది, నున్నగా. ఆయన దాన్ని తీసి నా చేతికి ఇచ్చాడు. అప్పుడు మాట్లాడాడు.

"నేను అడిగిన. వేలు పెట్టలే."

నాకు అర్థం కాలేదు.

"దినాం వేలు పెట్టి చూసేటోన్ని. ఆ దినం గోడ అందంగ ఉన్నదని అడిగి ఊకున్న. మనిషిని అడిగితే భయపడి అబద్ధం చెప్తది. నాదే తప్పు సగం."

"కాదు కాకా, నేను..."

"నీది సగం ఉండనే ఉన్నది. అది నేను తీసుకోను. ఇటుకలు తియ్యి."

గోడ మళ్లీ కట్టాం. తాపీ మళ్లీ నా ముందు పెట్టాడు. రెండో మేస్త్రి వచ్చేసినా పెట్టాడు. ఈసారి ఉన్ని చుట్టలు లెక్క చూసుకుని ముందే తెచ్చుకున్నాను. వెనక మూల నాది, ముందు మూల ఆయనది. పని అయ్యాక ఆయన నా మూలకు వచ్చాడు. ఉన్ని పెట్టినవా అని అడుగుతాడని చూశాను. అడగలేదు. స్టూలు ఎక్కి పైనుంచి కింద దాకా సందులో వేలు పెట్టి తడుముకుంటూ వచ్చాడు.

"నమ్మకం పోయిందా కాకా?"

ఆయన వేలికి అంటిన ఉన్ని పీచు దులుపుకున్నాడు. నన్ను తన మూల దగ్గరికి తీసుకెళ్లాడు.

"ఇది నేను చేసిన. చూడు."

"నువ్వు చేసింది నేను చూసుడేంది?"

"నా చెవు రేకుకు పెట్టినప్పుడు లోపల ఏమున్నదో నాకు ఎవలు చెప్పాలె? చూడు."

స్టూలు ఎక్కాను. ఆయన సందులో వేలు పెట్టాను. ఎన్నో ఏళ్లుగా ఆయన పెట్టే సందు అది, తప్పు ఉండదని నాకు తెలుసు. మొక్కుబడిగా తడుముతూ వచ్చాను. భుజం ఎత్తు దగ్గర వేలు ఆగింది. ఉన్ని రెండు ముక్కలు కలిసే చోట ఒక బొట్టంత మట్టి జారి గట్టిపడి ఉంది. గోరంత. దాటేసి వెళ్లినా ఎవరికీ తెలియదు. రంధ్రం దగ్గర నుంచి సారు, "అయిందా మేస్త్రీ, మూసేద్దామా?" అని అరిచాడు.

"కాకా, ఇక్కడ గట్టిగ తగులుతున్నది" అన్నాను.

ఆయన మొహంలో ఏముందో చీకట్లో కనిపించలేదు. "మూసుడు లేదు సార్, ఆగుండ్రి!" అని ఆయన గట్టిగా అరవడం మాత్రం విన్నాను. తర్వాత ఉలి వెతుకుతున్న చప్పుడు.

"ఏడ?" అన్నాడు.

ఆయన వచ్చేదాకా, ఆ చోటు తప్పిపోకుండా, నేను వేలు తియ్యకుండా అక్కడే నిలబడ్డాను.